జీపుబండిలో ఫ్యూజు, రిలే

రేడియో వినువారికి “రిలే” అను మాట కొత్త కాదు. ఢిల్లీలో చదివిన వార్తలను మా కేంద్రము అందుకొని మీ ఇంటికి చేర్చినపుడు దానిని రిలే చేయుట అందుము. ఈ మాట మాది కాదు. తంతివారి నుండి అరువు తెచ్చుకొన్నది. తంతివారు దానిని గుఱ్ఱపు టపావారి నుండి తెచ్చుకొనిరి. ఐరోపాలో పూర్వము టపాబండి ఒక మజిలీ చేరగనే అలసిన గుఱ్ఱములను విప్పి, అక్కడ సిద్ధముగా నిలిపియుంచిన గుఱ్ఱములను కట్టెడివారు. ఆ మారుగుఱ్ఱములకే రిలే అని పేరు. కబురు అదే, బండి అదే. లాగు బలము మాత్రము కొత్తది. ఈ ఒక్క భావమును మనసున ఉంచుకొన్నచో, అడవిదారులలో, ఇసుకమేటలలో, వాగులలో తిరుగు బండ్ల ముందరి మూత క్రింద టిక్కుమనుచుండు చిన్న నల్లని డబ్బాల పని సగము అర్థమగును.

మిగిలిన సగము ఫ్యూజుది. దీనిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. వానకాలపు రాత్రి ఇల్లంతయు చీకటి కాగా ఇంటిపెద్ద స్టూలెక్కి, టార్చిలైటు సరిగా పట్టని పిల్లవానిని కసరుచు, గోడమీది పింగాణి పిడిని ఊడబెరికి సన్నని తీగ చుట్టుట చూడని వారు అరుదు. గోడమీద కదలక మెదలక ఉండు ఆ ఏర్పాటును, గతుకులలో ఊగుచు, నీటిలో మునిగి తేలుచు, ఇంజను వేడికి కాగుచుండు బండిలో అమర్చుట ఎట్లు? ఇంజనీర్లు నూరేండ్లకు పైగా ఈ ప్రశ్నతో పెనగులాడిరి. ఆ పెనగులాటను గూర్చి చెప్పదలచితిమి.

కథ అమెరికాలో జోసెఫ్ హెన్రీ అను ఉపాధ్యాయునితో మొదలగును. ఆయన ఆల్బనీ పట్టణమున పాఠములు చెప్పుకొనుచు, 1831లో సుమారు ఒక మైలు పొడవు తీగను గది గోడల వెంట చుట్టలు చుట్టి, దాని గుండ విద్యుత్తును పంపి ఆ కొసన గంట మ్రోగించెను. అంత దూరము పోవుసరికి విద్యుత్తు నీరసించును. గంటను కదిలింపగలదే కాని బరువు నెత్తలేదు. ప్రిన్స్‌టన్ కళాశాలకు మారిన పిమ్మట, 1835 ప్రాంతమున, హెన్రీ దీనికి చక్కని ఉపాయము కనుగొనెను. దూరము నుండి వచ్చిన నీరసపు విద్యుత్తు చేత ఒక చిన్న అయస్కాంతమును పనిచేయించెను. ఆ అయస్కాంతము చేయవలసినది ఒక్కటే: ప్రక్కనున్న పెద్ద బ్యాటరీ తీగను కలుపుట, లేక విడదీయుట. ఆ పెద్ద బ్యాటరీ పెద్ద అయస్కాంతమును నడుపును. విద్యార్థులు చూచుచుండగా పెద్ద అయస్కాంతమునకు గొప్ప బరువులు వ్రేలాడదీసి, ఎక్కడనో ఉన్న మీటను తాకినంతనే అవి దభాలున నేలబడునట్లు చేసెడివాడట. విద్యార్థులకు అది గారడీ. తంతికి అదే ప్రాణమైనది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ ఇట్టి సాధనమునకే 1838లో పేటెంటు పొందెను. 1844 మే 24న మోర్సు వాషింగ్టను నుండి బాల్టిమోరుకు పంపిన ప్రసిద్ధమైన తంతి వెనుకను ఈ ఉపాయమే కలదు.

ఫ్యూజు పుట్టుకకు కూడ తంతియే కొంత కారణము. 1847లో ఫ్రాన్సు దేశమున బ్రెగే అను గడియారముల వంశపువాడు తంతి కచేరీల లోపలికి వచ్చు తీగలో కొంత భాగమును మిక్కిలి సన్నగా చేయుడని సూచించెను. పిడుగు తీగవెంట వచ్చినచో ఆ సన్నని ముక్క కాలి, లోని యంత్రమును, దానిముందు కూర్చున్న గుమాస్తాను కాపాడును. ఎడిసను విద్యుద్దీపములను ఇండ్లకు పంచదలచినపుడు ఈ సన్నని ముక్క అవసరము ఇంకను పెరిగెను. 1880 మే నెలలో ఆయన “రక్షణ తీగ”కు పేటెంటు పొందెను. అయితే ఎంత సన్నము? ఇది ఊహకు వదలదగినది కాదు. లండను టపాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1880లలో తీగలను వరుసగా కరగించి చూచి లెక్క కట్టెను. రాగి తీగ మందము ఒక మిల్లీమీటరైనచో గాలిలో సుమారు 80 ఆంపియర్లకు కరుగును. మందమును సగము చేసినచో 40కి కాదు, 28 ఆంపియర్లకే కరుగును. ఈ ప్రీస్ దొరయే 1896లో లండనుకు వచ్చిన మార్కోనీ అను కుఱ్ఱవానిని చేరదీసి, తీగలేని తంతికి ప్రోత్సాహమిచ్చినవాడు. మా వృత్తివారము ఆయనకు రెండు విధముల ఋణపడితిమి.

ఇక మోటారుబండి. తొలినాళ్ల కార్లలో విద్యుత్తు పని స్వల్పము. నిప్పురవ్వకు మాగ్నెటో ఉండెను. దీపములు కార్బైడు గ్యాసుతో వెలిగెడివి. ఇంజనును చేతితో హ్యాండిలు త్రిప్పి లేపెడివారు. హ్యాండిలు ఎదురు తిరిగి మణికట్లు విరిగిన వారెందరో. చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు నిర్మించిన విద్యుత్ స్టార్టరు 1912 సంవత్సరపు కాడిలాక్ కారులో అమరినది మొదలు ఆ బాధ తీరెను. కాని స్టార్టరుతో బాటు పెద్ద బ్యాటరీ కూడ బండిలోనికి వచ్చి కూర్చుండెను. దీనిని గూర్చి కొంత నిలిచి ఆలోచింపవలెను.

బ్యాటరీ వోల్టులు తక్కువే. చేతితో పట్టుకొన్నను ఏమియు కాదు. అందువలన చాలమంది దానిని సాధువనుకొందురు. కాని దాని రెండు కొసలను స్పానరుతో కలిపినచో వందల ఆంపియర్లు ఒక్కసారిగ పారి స్పానరు ఎఱ్ఱబడును. పైగా మోటారుబండిలో తీగ ఒక్కటే. తిరుగుదారి బండి ఇనుప దేహమే. కావున బ్యాటరీ నుండి బయలుదేరిన ఏ తీగయైనను తొడుగు ఒరసికొనిపోయి చాసిసును తాకిన యెడల, స్పానరుతో కలిపినట్లే యగును. తారురోడ్డు మీద నెమ్మదిగా పోవు కారులో తీగ ఒరసికొనుటకు ఏండ్లు పట్టును. రాళ్లమీద ఎగిరిపడు బండిలో ఒక్క యాత్ర చాలును. ఆ తీగ చెంతనే పెట్రోలు గొట్టము పోవుచుండును.

ఫ్యూజుకు ముందే రిలే మోటారులో ప్రవేశించెను. కాని ఆ పేరుతో కాదు. డైనమో పెట్టిన తరువాత ఒక చిక్కు వచ్చెను. ఇంజను నెమ్మదించినపుడు డైనమో వోల్టులు బ్యాటరీ కంటె తగ్గును. అప్పుడు బ్యాటరీయే డైనమోలోనికి కాలువ తెగినట్లు ఖాళీయగును. దీనిని ఆపుటకు “కటౌటు” అను అయస్కాంతపు మీట పెట్టిరి. డైనమో బలముగా నున్నపుడు అది తీగను కలుపును, నీరసించినపుడు విడదీయును. పాత జీపులు నడిపిన మన డ్రైవర్లందరికి ఈ నల్లని పెట్టె తెలియును. దాని మూత తీసి, కాంటాక్టులను గరుకు కాగితముతో రుద్ది, “ఇప్పుడు చార్జింగు వచ్చెను” అని చెప్పుట ఒకనాడు ప్రతి మెకానికు విద్యలోను మొదటి పాఠము.

జీపు పుట్టుక 1940 నాటిది. ఆ వేసవిలో అమెరికా సైన్యము తేలికైన, నాలుగు చక్రములకు బలము పారు చిన్న బండి కావలెనని కోరి, నమూనాకు 49 దినములు మాత్రమే గడువిచ్చెను. పెన్సిల్వేనియాలోని బాంటమ్ కంపెనీ, కార్ల్ ప్రోబ్‌స్ట్ గీసిన పటముల ఆధారమున బండి కట్టి, ఆ యేడు సెప్టెంబరు 23న మేరీలాండులోని సైనిక కేంద్రమునకు నడిపించుకొనిపోయెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసెను. ఆ బండిలో విద్యుత్తు ఏర్పాటు చూడ ముచ్చటగా ఉండును. బ్యాటరీ 6 వోల్టులది. స్టార్టరుకు రిలే లేదు; కాలితో త్రొక్కు బరువైన స్విచ్చి గుండ ఆ విద్యుత్తంతయు నేరుగ పారెడిది. హెడ్‌లైట్లు మడతబందుల మీద నిలిచియుండెడివి. రాత్రివేళ రెక్క మర వదలి దీపమును వెనుకకు త్రిప్పినచో ఇంజను మీద వెలుగు పడెడిది. చీకటిలో శత్రువు కంట పడకుండ పిల్లికన్నుల వంటి చిన్న దీపములు వేరుగ ఉండెను. రేడియో పెట్టదగునట్లు చప్పుడు అణచిన జీపులకు నంబరు చివర “ఎస్” అను అక్షరము వ్రాసెడివారు. నిప్పురవ్వలు చేయు గరగర రేడియోలో వినబడకుండ అచ్చటచ్చట కెపాసిటర్లు, అల్లిక పట్టీలు బిగించిన బండి అని దాని అర్థము. వాన మెరుపులతోను, మిక్సీ మోటార్లతోను నిత్యము తగవులాడు మా ఇంజనీర్లు ఆ అక్షరమును చూచినచో నమస్కరింతురు.

యుద్ధము ముగిసిన పిదప మిగిలిన జీపులు వేలములలో లోకమంతట చెదరిపోయెను. మన దేశమున మహీంద్రా వారు స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన తరువాత జీపు మన పల్లెలకు ప్రభుత్వపు వాహనమాయెను. ఊరి బయట దుమ్ము లేచినచో “బ్లాకు జీపు వచ్చుచున్నది” అని పిల్లలు పరుగెత్తిన కాలమది. బి.డి.ఓ. గారు, టీకాలవారు, ఎన్నికల పెట్టెలు, ఒక్కొక్కసారి కాన్పు కష్టమైన తల్లి, అందరికి అదియే ఆధారము. ఏజెన్సీ కొండలలో రాత్రివేళ ఆ తల్లిని ఎక్కించుకొని పోవు జీపుకు దీపములు ఆరినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. అందువలననే మన డ్రైవర్లు ఒక ప్రమాదకరమైన నేర్పు అలవరచుకొనిరి. ఫ్యూజు పోయినపుడు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమును గాజుగొట్టము చుట్టు చుట్టి బిగించుట, లేక ఏదేని రాగిపోగు పెట్టుట. దీపము వెంటనే వెలుగును, ప్రయాణము సాగును. ప్రీస్ లెక్క జ్ఞాపకమున్నచో అది ఎంత సాహసమో తెలియును. అర మిల్లీమీటరు రాగిపోగు 28 ఆంపియర్ల వరకు తెగదు. అంతలోపల దానివెంటనున్న సన్నని దీపపు తీగ తొడుగు పొగలెక్కును. ఇక తెగవలసినది ఫ్యూజు కాదు, తీగల కట్టయే. వారిని నిందింపము. పట్టణము అరువది మైళ్ల దూరమున, సంచిలో మారు ఫ్యూజు లేనప్పుడు వారు చేసినది వేరొకరు కూడ చేయుదురు. కాని రెండు ఫ్యూజులు అట్టముక్కలో చుట్టి పెట్టెలో నుంచుటకు పైవారికి ఏల తోచలేదో మాకు అర్థము కాదు.

సైన్యములు మాత్రము తమ పాఠము వేగముగ నేర్చుకొనెను. 1950లో వచ్చిన ఎం-38 అను సైనిక జీపులో 24 వోల్టుల ఏర్పాటు, నీరు చొరని మూతల తోడి ఇగ్నిషను కలవు. వోల్టులు పెంచుటలోని మర్మమిది: 60 వాట్ల దీపము 6 వోల్టులపై 10 ఆంపియర్లు లాగును; 24 వోల్టులపై రెండున్నర చాలును. తీగ సన్నబడును, కాంటాక్టు కాలుట తగ్గును, పెద్ద రేడియో సెట్లకు బలము చాలును.

పౌరుల బండ్లలో అంత పట్టుదల కనబడదు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనబడిన బ్రిటిషు ల్యాండ్ రోవరు కొండలకు, ఎడారులకు, ఆఫ్రికా అడవులకు పోయిన బండి. అయినను చాలకాలము దానిలో రెండే ఫ్యూజులుండెను. హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే లేదు. ఇది అశ్రద్ధ యని త్రోసివేయరాదు. ఆనాటి బ్రిటిషు ఇంజనీర్లు ఆలోచించియే అట్లు చేసిరి. కొండమలుపులో ఫ్యూజు తెగి రెండు దీపములు ఒక్కసారిగ ఆరుట కంటె, తీగ కొంత కాలినను దీపము వెలుగుటయే మేలని వారి వాదము. చీకటిలో లోయలో పడుట ఒక చావు. తీగ అంటుకొని బండి కాలుట మఱొక చావు. రెంటిలో ఏది అరుదో దానిని ఎంచుకొనిరి. వారి తర్కములో లోపము లేదు. లోపమున్నది రెండు దీపములకు ఒకే తీగ అను అలవాటులో. కుడిదీపమునకు ఒక ఫ్యూజు, ఎడమదీపమునకు ఒక ఫ్యూజు వేరువేరుగ పెట్టినచో ఒకటి తెగినను రెండవది దారి చూపును. ఇంత తేలిక పరిష్కారము అందరి బండ్లకు చేరుటకు దశాబ్దములు పట్టెను. ఉమ్మడి కుటుంబములో ఒక్క పొయ్యి ఆరినచో అందరును పస్తు. వేరు కాపురములైనచో పొరుగింటి నుండి నిప్పు తెచ్చుకొనవచ్చును.

దీపముల విషయమున ఇంకొక చిక్కు కలదు. అదియే రిలేను బండి ముందుభాగమునకు రప్పించెను. పాత ఏర్పాటులో విద్యుత్తు బ్యాటరీ నుండి డ్రైవరు ముందరి స్విచ్చికి, అక్కడ నుండి కాలిస్విచ్చికి, మరల ముందుకు దీపములకు, ఇంత చుట్టు తిరిగి పోవలెను. దారిపొడవున ప్రతి అతుకు, ప్రతి కాంటాక్టు కొంచెము సుంకము వసూలు చేయును. రెండు దీపములు 10 ఆంపియర్లు లాగునపుడు ఆ దారిలో ఓములో పదియవ వంతు అడ్డున్నను 12 వోల్టులలో ఒక వోల్టు పోవును. ఒక్క వోల్టే కదా యనరాదు. దీపపు వెలుగు వోల్టులతో సమముగా తగ్గదు. మిక్కిలి వడిగా పడిపోవును. ఒక వోల్టు పోయినచో వెలుగులో నాలుగవ వంతు పోవును. పాత జీపుల దీపములు “ఆముదపు దీపములు” అని మనవారు ఎగతాళి చేయుటకు కారణము బల్బు కాదు, ఈ సుంకమే. 1962లో ఐరోపాలో హాలొజను దీపములు వచ్చెను. 1971లో ఒకే బల్బులో రెండు తీగల హెచ్-4 వచ్చెను. దారి ప్రయాణికులు ఇంకను పెద్ద దీపములను తగిలింపసాగిరి. 100 వాట్ల దీపములు రెండు పెట్టినచో సుమారు 17 ఆంపియర్లు. పాత స్విచ్చిలు ఈ భారమునకు కరగి ముద్దయ్యెను.

ఇక్కడ హెన్రీ మాష్టారి ఉపాయము మరల పనికివచ్చెను. జర్మనీలోని బాష్ కంపెనీ వాడుక వలన ప్రసిద్ధమైన చిన్న ఘనాకారపు రిలేను తీసికొని అడుగు చూచినచో నాలుగు లేక అయిదు కాళ్లు, వాని ప్రక్క అంకెలు కనబడును. అవి జర్మను ప్రమాణపు అంకెలు. 30 అనునది బ్యాటరీ నుండి వచ్చు లావు తీగకు. 87 దీపమునకు పోవు లావు తీగకు. 85, 86 లోని చుట్టకు. డ్రైవరు స్విచ్చి నొక్కగా సన్నని తీగవెంట ఆంపియరులో ఆరవ వంతో, అంతకు తక్కువో విద్యుత్తు 86 నుండి 85కు పారి చుట్టను అయస్కాంతము చేయును. చుట్ట ఇనుపరేకును లాగును; టిక్కుమని 30, 87 కలియును; 30 ఆంపియర్ల వరకు విద్యుత్తు దగ్గరిదారిలో దీపమునకు పారును. అయిదవ కాలు 87-ఎ అనునది. చుట్ట నిద్రించుచున్నపుడు 30తో కలిసియుండి, అది మేల్కొనగనే విడిపోవును. స్విచ్చి ఇక బరువు మోయునది కాదు, ఆజ్ఞ ఇచ్చునది మాత్రమే. తహసీలుదారు సంతకము చేయును, మూటలు మోయువారు వేరు. ఈ మార్పు చేసిన పాత బండ్లలో అదే బల్బు ఎంత తెల్లగా వెలుగునో చూచినవారు మరచిపోరు.

రిలే వేసినంత మాత్రమున రక్షణ రాదు. ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. ఫ్యూజు ఉన్నది దీపమును కాపాడుటకని సామాన్యుల నమ్మకము. కాదు, ఫ్యూజు కాపాడునది తీగను. దీపము కాలినచో మారు దీపము దొరకును. తీగ కాలినచో బండియే కాలును. కావున ఫ్యూజు దీపము దగ్గర కాక, బ్యాటరీకి వీలైనంత చెంతగా ఉండవలెను. బ్యాటరీకి ఫ్యూజుకు నడుమనున్న తీగముక్కకు కాపలా లేదు. అది జానెడుకు మించరాదు. ఫ్యూజు అంకె తీగ మందమును బట్టి నిర్ణయింపవలెను, మన కోరికను బట్టి కాదు. మఱొక సంగతి: 10 ఆంపియర్ల ఫ్యూజు 10 దాటిన మరుక్షణమే తెగదు. 13 లేక 14 అయినను కొన్ని నిమిషములు నిలువవచ్చును. 20 అయినచో కొన్ని సెకండ్లలో తెగును. మోటారు మొదలగునపుడు క్షణకాలము ఎక్కువ లాగుట సహజము గనుక ఈ ఓర్పు దానికి కావలెనని అట్లు చేసిరి.

1976లో అమెరికాలోని లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ కత్తిరేకుల వంటి రెండు కాళ్ల ఫ్యూజును బజారులో పెట్టెను. అంతవరకు అమెరికా బండ్లలో గాజుగొట్టములు, ఐరోపా బండ్లలో రెండు కొసలు కూచిగా ఉండి పైన రేకు అంటిన పింగాణి ఫ్యూజులు ఉండెను. ఇవి స్ప్రింగుల నడుమ వ్రేలాడునవి. గతుకులకు వదులై, తేమకు చిలుమెక్కి, తెగకయే పనిమానెడివి. కత్తిఫ్యూజు గట్టిగ దిగబడి కూర్చుండును. దానికి రంగుల భాష కూడ నేర్పిరి: 5కు లేత గోధుమ, 10కి ఎరుపు, 15కు నీలము, 20కి పసుపు, 25కు రంగు లేదు, 30కి ఆకుపచ్చ. చదువురాని మెకానికు కూడ ఎరుపు పోయినచోట ఎరుపు పెట్టగలడు. సిగరెట్టు కాగితమును ఓడించినది ఉపదేశము కాదు, ఈ రంగులే యని మా అభిప్రాయము.

ఇంతలో బండ్లకు కోరికలు పెరిగెను. యుద్ధజీపులకు విడిభాగములు చేయుటతో 1948లో మొదలైన వార్న్ కంపెనీ 1959లో విహారపు బండ్లకు విద్యుత్ వించిని తెచ్చెను. బురదలో దిగబడిన బండి తన్ను తానే ఉక్కుతాటితో లాగుకొనుటకు ఇది సాధనము. పూర్తి బరువు లాగునపుడు 12 వోల్టుల మీద 400 ఆంపియర్ల వరకు మ్రింగును. దీనికి మామూలు రిలే చాలదు. స్టార్టరుకు పెట్టు సోలెనాయిడు వంటి మహాకాయములు వలయును. 1980లో మూడు జర్మను జట్లు బ్రెజిలులోని ట్రాన్స్ అమెజాను దారిలో జీపులు నడపగా క్యామెల్ ట్రోఫీ యాత్రలు మొదలయ్యెను. మరుసటి యేటి నుండి అవి ల్యాండ్ రోవరు వారి బండ్లతో సాగెను. పైకప్పు మీద దీపముల వరుస, వించి, రేడియో, రెండవ బ్యాటరీ, ఇవన్ని ఒకే బ్యాటరీ మేకుకు గుత్తులుగా వ్రేలాడదీయుట ప్రమాదమని అనుభవజ్ఞులు గుర్తించిరి. ఒక లావు తీగ, దాని మొదట ఒక పెద్ద ఫ్యూజు. అది నీరు తగలని ఎత్తైన చోట ఒక పెట్టెలోనికి పోవును. పెట్టెలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రిలే, ఒక్కొక్క ఫ్యూజు. పెద్ద కాలువ, తూము, పిల్లకాలువ: గోదావరి, కృష్ణా డెల్టాల రైతునకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఇంజను ఆగినపుడు రెండవ బ్యాటరీని మొదటిదాని నుండి వేరుచేయు రిలే కూడ వచ్చెను. రాత్రి మకాములో దీపము, రేడియో ఎంతసేపు నడిపినను ఉదయము ఇంజను లేచుటకు బలము మిగిలియుండును.

వాగు దాటు పద్ధతిలో వచ్చిన మార్పు ఈ చరిత్రకు మంచి ఉదాహరణము. పాత జీపు డ్రైవరు లోతైన వాగు ముందర బండి ఆపి, ఫ్యాను బెల్టు విప్పి పెట్టెడివాడు. లేనిచో ఫ్యాను నీటిని చిమ్మి ఇగ్నిషను తడుపును. ఇంజను నడివాగులో ఆగును. రెక్కలు నీటి ఒత్తిడికి వంగి రేడియేటరును చీల్చుటయు కలదు. అవతలి గట్టున మరల బెల్టు బిగింపవలెను. విద్యుత్ ఫ్యాను, దానికి రిలే వచ్చిన తరువాత డ్రైవరు సీటులో కూర్చుండియే చిన్న స్విచ్చితో ఫ్యానును ఆపి వాగు దాటి, ఒడ్డున మరల వేయును. ఆరవ వంతు ఆంపియరు చేత జరుగు పని పూర్వము ఇద్దరి చేత, రెండు స్పానర్లతో, మోకాటిలోతు నీటిలో జరిగెను.

ఈ కథలో మన ప్రాంతపు పాలు కూడ కొంత కలదు. జహీరాబాదులో మోటారు కర్మాగారము, తిరుపతి చెంత కరకంబాడిలో 1985లో స్థాపితమైన అమర రాజా వారి బ్యాటరీలు, ఈ పేర్లు రోడ్డు మీద పోవు వారికెల్ల పరిచితములే.

1986లో బాష్ కంపెనీ డెట్రాయిటు సభలో క్యాన్ అను కొత్త ఏర్పాటును వెల్లడించెను. తీగ ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేయుటకు బదులు, రెండు తీగలమీద అన్ని ఆజ్ఞలు సంకేతములుగా పోవును; ఆయా చోట్లనున్న చిన్న మెదడులు తమకు చెందిన ఆజ్ఞను విని అమలు చేయును. ఇది మోర్సు తంతికి మనుమడే. పిదప స్విచ్చి, రిలే, ఫ్యూజు అన్నియు కలిసి ఒకే పెట్టెలో చేరెను; కొన్నింటికి కదలు భాగమే లేదు, సిలికాను రేకు తానే విద్యుత్తును కలుపును, మితి మీరినపుడు తానే త్రెంచును. పెట్టె చిన్నదాయెను, తీగ తగ్గెను, బరువు తగ్గెను. కాని పెట్టె లోపల ఒక రిలే చెడినచో మెకానికు దానిని ఊడదీసి వేరొకటి గ్రుచ్చుటకు వీలు లేకపోయెను. అడవిదారి బండ్ల యజమానులు ఈ ఏర్పాటును అనుమానముతో చూచుటకు కారణమిదే.

ఆ అనుమానము అకారణము కాదని 2014లో తేలెను. ఆ యేడు సెప్టెంబరులో అమెరికాలో 2011 నమూనా జీప్ గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ డ్యురాంగో బండ్లను 1,80,000కు పైగా కంపెనీ వెనుకకు పిలిచెను. ఆ బండ్లలోని సమగ్ర విద్యుత్తు పెట్టెలో పెట్రోలు పంపును నడుపు రిలే చెడి, బండి చెప్పకుండ నడిదారిలో ఆగుట సంభవించుచుండెను. ఆ రిలే పెట్టెలో అంతర్భాగము. విడిగ మార్చుటకు రాదు. కంపెనీ చేసిన మరమ్మత్తు ఏమనగా, పంపునకు వేరొక రిలేను, పెట్టె వెలుపల, విడిగ అమర్చుట.